వైపూ గ్రామమున హైలండ్ నృత్యము

స్వదేశమును విడిచి దూరతీరములకు పోయిన జనులు మొదట తలదాచుకొనుటకు ఇల్లు కట్టుకొందురు. పిమ్మట దేవునికొక మందిరము నిర్మింతురు. ఆ రెండును సమకూడి, పొలములు పండనారంభించి, కన్నబిడ్డల నోట పరభాష సహజముగా పలుకుట మొదలైన తరువాత, ఒకనాడు పెద్దలకు దిగులు పుట్టి, నలుగురును కూడి, సంఘమును స్థాపించుకొందురు. వలసపోయిన జాతుల చరిత్ర ఇంచుమించుగా ఈ మూడు మెట్ల చరిత్రయే. నేను కాపురమున్న న్యూజీలండు దేశమున, ఆక్లండు నగరమునకు ఉత్తరముగా రెండుగంటల ప్రయాణములోపల, బ్రీమ్ అఖాతపు ఒడ్డున వైపూ అను చిన్న గ్రామమొకటి కలదు. ఆ గ్రామస్థుల పూర్వులు ఈ మూడు మెట్లను ఎక్కిన తీరును, అందు మూడవ మెట్టయిన 1871 నాటి కెలడోనియన్ సంఘము ఒక కొండజాతి నృత్యమును భూగోళపు ఆవలి కొసను నిలిపిన విధమును మన తెలుగువారు తెలిసికొనదగినవి. బిడ్డలను విదేశములకు పంపి, వారి బిడ్డలు రేపు ఏ భాష మాటాడుదురో యని చింతించు తలిదండ్రులకు ఈ కథ మరింత అవసరమని తలచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

కెలడోనియా యనునది స్కాట్లండునకు రోమకులు పెట్టిన పాతపేరు. ఆ దేశపు ఉత్తర పశ్చిమభాగముల యందలి కొండసీమయే హైలండ్స్. అచటి జనులు గేలిక్ భాష మాటాడుచు, తెగలు తెగలుగా ఏర్పడి తమతమ నాయకులను కులపతులవలె కొలుచుచు, లోయలలో పశువులను మేపుకొని జీవించుచుండిరి. పెండ్లియైనను, పంట యింటికి వచ్చినను, చలికాలపు రాత్రి పదిమంది ఒకచోట చేరినను వారికి నృత్యము తప్పనిసరి. దానికి తోడు బ్యాగ్‌పైపు వాద్యము. మన వీథిభాగవతములలో శ్రుతికై ఊదెడి తిత్తిని చూచినవారు ఆ వాద్యమును సులభముగా ఊహింపగలరు. తోలుసంచిలో నింపిన గాలి తెగని శ్రుతిగా మ్రోగుచుండ, వేరొక గొట్టముపై వ్రేళ్లు పాటను పలికించును. ఇంటివెలుపల, కొండగాలిలో, రెండుమూడు పొలముల ఆవలకు వినవచ్చు వాద్యమది.

1745లో స్టూవర్టు రాజకుమారుడు ఛార్లెస్ ఎడ్వర్డు బ్రిటిషు సింహాసనమునకు తానే హక్కుదారుడనని వచ్చినపుడు హైలండ్ తెగలు పెక్కు అతని పక్షమున కత్తిపట్టినవి. మరుసటి యేడు ఏప్రిల్ 16వ తేదీన, ఇన్వర్నెస్ సమీపమునందలి కలోడెన్ బయలున, గంటసేపయినను సాగని యుద్ధమున ఓడిపోయినవి. గెలిచిన ప్రభుత్వము శత్రువుల ఆయుధములను లాగికొనుటతో తృప్తిపడలేదు. 1747 ఆగస్టు ఒకటవ తేదీనుండి స్కాట్లండులోని పురుషులును బాలురును హైలండ్ సంప్రదాయవస్త్రములు ధరింపరాదని శాసించెను. మొదటిమారు పట్టుబడినవానికి ఆరునెలల కారాగారము. రెండవమారు పట్టుబడినవానికి ఏడేండ్ల ద్వీపాంతరవాసము. రాజసైన్యమున చేరిన సిపాయిలకు మాత్రమే ఆ నిషేధము వర్తింపలేదు. అందువలన ముప్పదియైదేండ్లపాటు హైలండ్ పురుషుడు తన తాత ధరించిన కిల్టు అను ఆ వస్త్రమును ధరింపవలెనన్న, తాతను ఓడించిన రాజుకే కొలువు చేయవలసివచ్చెను. ఈ శాసనము 1782లో రద్దయ్యెను గాని, అప్పటికి ఒక తరము ఆ వస్త్రమును కట్టుకొననే లేదు.

సంఘములు పుట్టినది ఈ సందర్భముననే. 1778లో లండను నగరమునందలి హైలండ్ ప్రముఖులు హైలండ్ సొసైటీ అను సంఘమును స్థాపించి, నశించుచున్న వాద్యమును, వస్త్రమును, భాషను కాపాడవలెనని సంకల్పించిరి. వారి ప్రోత్సాహమున 1781లో ఫాల్కిర్క్ పట్టణమున బ్యాగ్‌పైపు వాదనలో పోటీ జరిగెను. కొలది సంవత్సరములకు ఆ పోటీ ఎడింబరోకు తరలెను. ఒక వాద్యకారుడు ముగించి మరియొకడు ప్రారంభించులోపల సభికులకు విసుగు కలుగకుండుటకై నడుమనడుమ నృత్యము ప్రవేశపెట్టిరి. పెండ్లియింట పదిమంది నడుమ ఆడిన ఆట ఈ విధముగా వేదిక నెక్కి, న్యాయనిర్ణేతల యెదుట నిలిచినది. పందొమ్మిదవ శతాబ్దమున హైలండ్ క్రీడోత్సవములు ఊరూర వెలసినవి; 1848లో విక్టోరియా రాణి బ్రేమార్ క్రీడలకు విచ్చేయుటతో వాటికి రాజాదరణయు లభించెను. అంతకు నూటరెండేండ్ల క్రిందట రాజద్రోహచిహ్నముగా ఎంచబడినది రాజవినోదమయ్యెను. ఐతే, ఏ జనులనుండి యీ కళ పుట్టినదో ఆ జనులలో అనేకులు అప్పటికి ఆ కొండలలో లేరు.

వారు లేకపోవుటకు కారణము గొఱ్ఱెలు. యుద్ధానంతరము తెగనాయకులు క్రమముగా భూస్వాములైరి; భూస్వాములకు మనుష్యులకంటె ఉన్ని లాభకరమయ్యెను. పందొమ్మిదవ శతాబ్దపు తొలిపాదమున సదర్లండ్ జిల్లాలో లోయలకు లోయలు ఖాళీచేయించి, గొఱ్ఱెలమందలకు బీళ్లుగా మార్చిరి. ఊరు విడువనన్నవారి యిండ్ల దూలములకు నిప్పుపెట్టిన సందర్భములును కలవు. అడవిలేని ఆ దేశమున దూలము కాలిపోయినచో ఇల్లు మరల లేవనెత్తుట అసాధ్యము.

మన చరిత్ర చదివినవారికి ఆ సదర్లండ్ తీరమున కెదుటనున్న దీవివాడొకడు సుపరిచితుడు. గ్రామకైఫీయతులను సేకరించిన కర్నల్ కాలిన్ మెకంజీ, లూయిస్ దీవియందలి స్టోర్నవే పట్టణమున జన్మించి, 1783లో చెన్నపట్టణము చేరి, కావలి సోదరుల సహాయముతో తెలుగుపల్లెల వృత్తాంతములను గ్రంథస్థము చేయించినవాడు. చదువును పలుకుబడియు గల హైలండ్ యువకులకు ఈస్టిండియా కంపెనీ కొలువు దారిచూపెను. అవి లేని సామాన్యులకు మిగిలినది కెనడా అరణ్యము. వైపూవారి పూర్వులు ఈ రెండవ తెగవారు.

వారి నాయకుడు నార్మన్ మెక్లౌడ్. 1780లో సదర్లండ్ జిల్లా అస్సింట్ ప్రాంతమున పుట్టి, అబర్డీనులో చదివి, మతాచార్యుడు కాదలచి ఎడింబరో చేరి, ప్రభుత్వసమ్మతమైన మతసంస్థ భూస్వాములకు లోబడి ధర్మము తప్పినదని నమ్మి, ఆ చదువును మధ్యలో విడిచినవాడు. 1817లో అతడు కెనడాయందలి నోవాస్కోషియాకు ఓడయెక్కి పిక్టూ రేవు చేరెను. అతని బోధలకు ఆకర్షితులైనవారు అతని చుట్టును చేరిరి. మరింత దక్షిణముననున్న అమెరికా భూములకు పోవలెనని వారొక ఓడను తామే కట్టుకొనగా ఇరుగుపొరుగువారు నవ్వి దానికి నోవా నావయని పేరుపెట్టిరట. ఆ ఓడయే 1820లో వారిని కేప్ బ్రెటన్ దీవియందలి సెంట్ ఆన్స్ అఖాతమునకు చేర్చెను. అచట అడవి నరికి, ముప్పదియేండ్లు సేద్యము చేసి, మెక్లౌడ్ గురువుగను, ఉపాధ్యాయుడుగను, న్యాయాధికారిగను ఉండగా, గేలిక్ భాషలో దైవారాధన చేసికొనుచు జీవించిరి.

ఆపై 1840లలో బంగాళాదుంపకు తెగులు సోకి కరువు వచ్చెను. ఆ సమయముననే మెక్లౌడ్ కుమారుడొకడు ఆస్ట్రేలియానుండి, అచటి వాతావరణమును భూమిని ప్రశంసించుచు జాబు వ్రాసెను. అప్పటికి డెబ్బదియేండ్లు నిండిన వృద్ధుడు మరల ప్రయాణమునకు సిద్ధపడెను. తామే నిర్మించుకొన్న మార్గరెట్ అను ఓడపై 1851 అక్టోబరులో బయలుదేరి, అట్లాంటిక్ సముద్రమును దాటి, ఆఫ్రికా కొసను చుట్టి, మరుసటి సంవత్సరము అడలైడ్ రేవు చేరిరి. చేరునప్పటికి అచట బంగారపు గనుల వేలంవెఱ్ఱి దేశమును ముంచెత్తి యుండెను. భూమి ధర అందరానిదై యుండెను. మెల్‌బోర్ను నగరమున జ్వరము సోకి మెక్లౌడ్ తన కుమారులలో కొందరిని కోల్పోయెను. చివరకు ఒక సమూహము న్యూజీలండునకు దాటి, 1853, 1854 సంవత్సరములలో వైపూ నదీతీరమున స్థిరపడెను. వారు వ్రాసిన జాబులందుకొని నోవాస్కోషియానుండి మరి యయిదు ఓడలు వచ్చినవి. మొత్తము ఎనిమిదివందల మందికి పైగా ఆ విధముగా భూగోళమును సగము చుట్టివచ్చి మరల ఒక ఊరివారైరి. తాత పుట్టినది సదర్లండ్‌లో, తండ్రి పుట్టినది కెనడాలో, బిడ్డ పుట్టినది దక్షిణసముద్రతీరమున. ముగ్గురును ఒకే పళ్లెరము చుట్టును కూర్చుండి ఒకే గేలిక్ ప్రార్థన చేసికొనుచుండిరి.

ఇచట ఒక మాట చెప్పక విడుచుట ధర్మము కాదు. ఆ భూమి నిర్జనము కాదు. అది మావొరీ జనులది. ప్రభుత్వము వారినుండి కొని వలసవారికి ఇచ్చినది. ఆ కొనుగోళ్లలో మావొరీలకు జరిగిన అన్యాయములను గూర్చి ఈ దేశము నేటికిని విచారణలు జరుపుచు, పరిహారములు చెల్లించుచున్నది. తమ లోయలనుండి వెడలగొట్టబడినవారి సంతానము మరియొకరి భూమిపై నెలవుకొనుట ఈ చరిత్రయందలి విషాదము. సంఘమును ప్రశంసించుటకు ముందు పాఠకులు దీనిని ఎరుగుదురు గాక.

మెక్లౌడ్ జీవించియున్నంత కాలము వైపూ క్రమశిక్షణకు పెట్టినపేరు. విశ్రాంతిదినమున పని నిషిద్ధము, ఆడంబరము నిషిద్ధము. ఆడువారు అలంకరించుకొన్న టోపీలను సైతము ఆయన ప్రార్థనామందిరమున అందరియెదుట గర్హించెడివాడట. ఆ విషయమున తన భార్యను గూడ విడిచిపెట్టలేదని చెప్పుదురు. 1866 మార్చిలో ఆయన మరణించెను. ఐదేండ్లకు, 1871లో, వైపూ కెలడోనియన్ సంఘము స్థాపితమయ్యెను. వలసవచ్చిన మొదటి తరమువారు వృద్ధులగుచుండిరి. కొండసీమను కన్నులతో చూచినవారి సంఖ్య ఏటేట తగ్గుచుండెను. మందిరము వారి విశ్వాసమును కాపాడెను. వాద్యమును, ఆటను, వస్త్రమును కాపాడుపని ఎవరిది? ఆ ప్రశ్నకు సంఘమే సమాధానమయ్యెను.

ఇట్టి సంఘము ఈ దేశమున ఇదియే మొదటిది కాదు. 1848లో స్కాట్లండువారు దక్షిణదీవిలో డునీడిన్ నగరమును నెలకొల్పిరి. 1862లో అచట ఒటాగో కెలడోనియన్ సంఘము ఏర్పడెను. ఉత్తరదీవిలో టురకీనావారు 1864లో తమ సంఘమును స్థాపించుకొనిరి. ఈ సంఘములన్నియు తమ క్రీడోత్సవములకు సాధారణముగా నూతనసంవత్సరకాలమునే ఎన్నుకొనుటకు హేతువు కలదు. ప్రెస్బిటీరియన్ మతస్థులైన స్కాట్లండువారు క్రిస్మసు పండుగకు ప్రాధాన్యమిచ్చువారు కారు. స్కాట్లండులో క్రిస్మసు సెలవుదినమైనది 1958లో మాత్రమే. వారికి పెద్దపండుగ సంవత్సరాది. ఆ దేశమున జనవరి మంచు కురియుకాలము. ఈ దేశమున నడివేసవి. పచ్చికబయలు ఎండియుండును, సముద్రతీరమున పొహుటుకావా చెట్లు ఎఱ్ఱగా పూచియుండును, పాలపశువుల రైతులకు నాలుగుగంటల తీరిక దొరకును. వైపూవారు జనవరి ఒకటవ తేదీని తమ క్రీడలకు నిర్ణయించుకొని, తరతరములుగా ఆ దినమునే పాటించుచున్నారు.

ఆ దినమున బరువైన దూలమును నిలువుగా ఎత్తి విసరువారు ఒకవైపు, గుండురాళ్లు విసరువారు ఒకవైపు, వాద్యబృందములు ఒకవైపు ఉండగా, పలకలు పరచిన వేదికయొక్కటి నృత్యమునకు ప్రత్యేకింపబడియుండును. ఆ వేదిక ముందు నిలిచినవానికి హైలండ్ నృత్యమనగా నేమో తేటపడును. నర్తకి మెత్తని తోలుజోళ్లు తొడిగికొని, ఎండలో సైతము మడతలు మడతలుగా కుట్టిన ఉన్నికిల్టు కట్టుకొని, వేదికనెక్కి, వాద్యకారుడు పాట నందుకొనగానే వంగి నమస్కరించును. ఫ్లింగ్ అను నృత్యమున ఆమె నిలిచిన చోటినుండి జేనెడైనను జరుగరాదు. ఒక పాదపు మునివ్రేళ్లపై ఎగిరి దిగుచుండగా, రెండవపాదము ఆధారపుకాలి పిక్కవెనుకకు, ముందుకు, మరల వెనుకకు తాళము తప్పక పోవుచుండవలెను. చేయి తలపై వంపుగా నిలుచును. బొటనవ్రేలు మధ్యవ్రేలి కణుపును తాకియుండును. కొండజింక కొమ్ముల ఆకృతియే ఆ హస్తమని చెప్పుదురు. ఎగురుట గాలిలో తేలుటవలెను, దిగుట చప్పుడులేకయు ఉండవలెను. చూచువారికి ఉల్లాసమే కనబడును; ఆడువారి పిక్కలలో ఎంత వేదన దాగియున్నదో వేదిక దిగినపిమ్మట వారి నడక చెప్పును.

ఖడ్గనృత్యము మరియొక పరీక్ష. రెండు కత్తులను గుణకారపు గుర్తువలె నేలపై పెట్టుదురు. నర్తకి మొదట వాటికి వెలుపల ఆడి, పిమ్మట ఆ నాలుగు గదులలో పాదములు మార్చుచు ప్రవేశించి, చివర చప్పట్లు చరచును. అది వాద్యకారునికి వేగము పెంచుమని ఆజ్ఞ. వేగము పెరిగిన తరువాతను కత్తి కదలరాదు. పాదము తగిలి కత్తి స్థానము తప్పినచో ఆమె పోటీనుండి తొలగినట్లే. షాన్ ట్రూస్ అను మూడవ నృత్యమును నిషేధశాసనము రద్దయిన సంతోషమునకు ముడిపెట్టుదురు. కాలిని విదిలించు దాని అడుగు, బలవంతముగా తొడిగించిన పంట్లామును విడిచిపారవేయుటకు గుర్తట. ఈ ఐతిహ్యములు ఎంతవరకు చరిత్రయో నిర్ణయించుట కష్టము; పెక్కు కథలు నృత్యముల తరువాత పుట్టినవనియే పండితుల అభిప్రాయము. ఐనను, ఒక జాతి తన ఆటలకు ఏ కథలను తగిలించుకొన్నదో దానినిబట్టి ఆ జాతి దేనిని మరువదలచలేదో తెలియును.

మొదట ఈ నృత్యములు పోటీలలో పురుషులవే. పందొమ్మిదవ శతాబ్దాంతమున జెన్నీ డగ్లస్ అను యువతి, స్త్రీలు ఆడరాదని నియమమెచటను లేదని గ్రహించి, పోటీకి నిలిచెనని చెప్పుదురు. నేడు ఏ దేశపు వేదిక చూచినను నూటికి తొంబదివంతులు బాలికలే యనిపించును. మన కూచిపూడి చరిత్రయు ఇట్టిదే కదా! భాగవతుల కుటుంబములలో పురుషులే సత్యభామ వేషము కట్టు సంప్రదాయము ఇరువదవ శతాబ్దమున మారి, నేడు ఆ నాట్యమును దేశదేశములందు నిలుపుచున్నవారిలో అధికులు స్త్రీలు. రెండు కళలును స్త్రీల పాదములపై బ్రదికినవి. సంప్రదాయమును కాపాడుట యనగా తలుపులు మూసికొనుటయని తలచువారు ఈ రెండు చరిత్రలను కలిపి చదువవలెను.

ప్రతి సంఘమునకును మొదట తన పద్ధతియే ప్రమాణము. ఒక ఊరి గురువు నేర్పిన అడుగు మరియొక ఊరి న్యాయనిర్ణేతకు తప్పుగా తోచును. నర్తకి కన్నీటితో వేదిక దిగును. తండ్రి న్యాయనిర్ణేతను నిలదీయును. ఈ చిక్కు మాతృదేశమునను ఉండెను. దానిని తొలగించుటకై 1950లో స్కాట్లండునందలి నృత్యగురువులును క్రీడోత్సవనిర్వాహకులును కూడి, స్కాటిష్ అధికార హైలండ్ నృత్యమండలిని ఏర్పరచి, ఏ నృత్యమున పాదమెచట, హస్తమెచట ఉండవలెనో నిర్ణయించి, పాఠ్యగ్రంథమును ప్రకటించిరి. కెనడా మొదలైన దేశములలోని నర్తకులు పెక్కురు ఆ నియమములను స్వీకరించిరి. న్యూజీలండువారు మాత్రము తమ పితామహులు ఓడలలో తెచ్చిన పద్ధతిని తమ సొంత వాద్యనృత్యసంఘముద్వారా క్రమబద్ధము చేసికొని, తమ గురువులను, తమ న్యాయనిర్ణేతలను తామే తయారుచేసికొనిరి. అందువలన స్కాట్లండులో మారిపోయిన కొన్ని అడుగులు, కొన్ని వంపులు, ఇచటి దూరదేశపు వేదికలపై నిలిచియున్నవి. ఊరిలోనివారు కాలానుగుణముగా మారుదురు. ఊరువిడిచినవారు తాము విడిచిననాటి రూపమును పట్టుకొని కూర్చుందురు. ఏది మేలైనదని నేను తీర్పు చెప్పను. రెండును ప్రేమయొక్క రూపములే.

నూరేండ్లకు పైగా ఒక గ్రామసంఘము ఈ కార్యమును నడపగలుగుటకు కారణమేమని విచారించినచో నాకు నాలుగు గుణములు కనబడుచున్నవి. దినము మారదు, ఎండ కాసినను వాన కురిసినను జనవరి ఒకటవ తేదీ వైపూ క్రీడలదే. కొలత మారదు, అధ్యక్షుని మనుమరాలయినను కత్తి కదలినచో పందెము పోయినట్లే. గురుశిష్యపరంపర తెగదు, నిన్న బహుమతి పొందిన బాలిక నేడు ఐదారేండ్ల పిల్లలకు మొదటి అడుగు నేర్పుచుండును. అన్నిటికంటె ముఖ్యముగా ద్వారము మూయరు. స్కాట్లండు రక్తము లేని బిడ్డయు, అడుగు సరిగా వేసినచో, బహుమతి అందుకొనును. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లోపించినను సంఘము కొందరు వృద్ధుల విందుసభగా ముగిసియుండెడిది.

ఐనను వైపూ చరిత్రయందు ఒక నష్టమున్నది. దానిని చెప్పుటకే నేనీ వ్యాసమునకు పూనుకొంటిని. వాద్యము నిలిచినది, నృత్యము నిలిచినది, కిల్టు నిలిచినది; గేలిక్ భాష నిలువలేదు. ఏ భాషలో ఆ పెద్దలు మూడు దేశములలో ప్రార్థించిరో, ఏ భాషలో ఓడపై చనిపోయినవారిని సముద్రమునకు అప్పగించిరో, ఆ భాష మనుమలతరమునాటికి క్షీణించి, పిమ్మట ఇంటిభాషగా అంతరించెను. నేడు వైపూ వేదికపై షాన్ ట్రూస్ ఆడు బాలికకు ఆ పేరు ఏ భాషదో తెలియును. ఆ భాషలో దాహమని అడుగుట తెలియదు. ఇది సంఘమువారి దోషము కాదు. వారు తమ శక్తిలోనిది సంపూర్ణముగా చేసిరి. నృత్యమునకు వేదిక కట్టవచ్చును, కొలత పెట్టవచ్చును, పతకమీయవచ్చును. సంవత్సరమున కొకనాడు పదివేలకన్నుల యెదుట ఆడినను అది బ్రదుకును. భాష అట్లు బ్రదుకదు. అది ప్రాతఃకాలమున నీళ్లు కాగినవా యని అడుగునపుడును, అన్నము వడ్డించునపుడును, బిడ్డ అల్లరిచేసినపుడు కసరునపుడును బ్రదుకవలెను. పొలములో, పాఠశాలలో, సంతలో ఇంగ్లీషు వచ్చిచేరినపుడు గేలిక్‌నకు మిగిలినది మందిరము. మందిరమునను ఇంగ్లీషు ప్రవేశించినపుడు మిగిలినది వృద్ధుల పెదవులు.

ఈ దేశమున మన తెలుగువారును మూడు మెట్లు ఎక్కితిమి. ఇండ్లు కొంటిమి, కోవెలలు కట్టుకొంటిమి, సంఘములు స్థాపించుకొంటిమి. ఉగాదికి, దీపావళికి అద్దెకు తీసికొన్న సభామందిరములలో మన బాలికలు కూచిపూడి ఆడుదురు. తల్లులు జడలు అల్లుదురు, గజ్జెలు కట్టుదురు. తండ్రులు చరవాణులెత్తి చిత్రములు తీయుదురు. ఆ నృత్యము నిజముగా బాగుండును. దానిని నేర్పుటకు మన గురువులు పడు శ్రమకు నేను చేయెత్తి నమస్కరింతును. ఐతే ఆట ముగిసి వేదిక దిగిన బాలిక తన తల్లితో ఏ భాషలో మాటాడుచున్నదో వినుడని మనవారికి నేను మరల మరల చెప్పుచున్నాను. కూచిపూడి నూరేండ్ల తరువాతను ఈ దేశమున ఉండునని నాకు సందేహము లేదు; వైపూ దానికి సాక్ష్యము. ఆ కూచిపూడి పాటలోని తెలుగు ఆ నర్తకికి అర్థమగునా యనునదే నా సందేహము. దానికిని వైపూయే సాక్ష్యము.

కావున స్వదేశమునందలి తాతలకును అవ్వలకును ఈ వ్యాసముఖమున నా విన్నపమొక్కటి. సంఘములు చేయవలసినది ఇచట మేము చేయుదుము. దినము తప్పము, కొలత తప్పము, ద్వారము మూయము. సంఘము చేయలేనిది మీ చేతిలోనున్నది. దూరవాణిలో మనుమడు ఇంగ్లీషున పలుకరించినపుడు, వానికి శ్రమ కలుగునని మీరును ఇంగ్లీషులోనికి దిగకుడు. తెలుగుననే అడుగుడు; వాడు తడబడినచో వేచియుండుడు; తప్పు పలికినను నవ్వక, సరియైన మాటను మీరు మరల పలికి వినిపింపుడు. వారమున కొకమారైనను ఒక కథ చెప్పుడు, ఒక సామెత పలుకుడు, ఇంటిపేరుగల ఊరు ఎచటనున్నదో చెప్పుడు. వైపూ పెద్దలు అస్సింట్‌నుండి కేప్ బ్రెటన్‌నకును, అచటినుండి వైపూనకును సముద్రములు దాటునప్పటికి వెనుకనుండి పిలుచు గొంతు వారికి లేకపోయెను. జాబు చేరుటకు నెలలు పట్టుకాలమది. మన బిడ్డలకు ఆ గొంతు ప్రతిసాయంకాలము వినబడు భాగ్యమున్నది. ఆ భాగ్యమును వాడుకొన్నచో, గేలిక్‌నకు పట్టిన గతి తెలుగునకు ఈ దేశమున పట్టవలసిన అవసరము లేదు.